ఆరో ఎనిమిదో

ఆదోనిలో మూతబడిన జిన్నింగు మిల్లు,
మూడో గోడౌను, గోనె బోరాల వెనక
టార్పాలిన్ కింద ఉంది అది.
బ్యాంకు వేలం నోటీసులో ఒక్క వరస:
పాత కారు, ఒకటి, నడవదు.
దానికి పైన: కాటా తక్కెడలు, నాలుగు.
కింద: బీరువా, తాళం లేదు.

నా పని వెల కట్టడం.
కర్నూలు నుంచి పొద్దుటి బస్సులో వచ్చినాను,
సంచిలో ఒక అయస్కాంతం, భూతద్దం,
కిరోసిను సీసా, పాత పంచె పీలిక.
ట్రాక్టర్లకు కట్టినాను, బోరు లారీలకు కట్టినాను,
ఒకసారి సర్కసు వాళ్ళ ఒంటెకు కూడా.
ఫ్రాన్సు పందెపు బండికి ఇదే మొదలు.

టార్పాలిన్ లాగితే ముందు దూది లేచింది.
ఎన్నేళ్ళ దూదో, ఎవరి చేలదో,
అప్పు తీరిందో లేదో.
అది మెల్లగా దిగినాక
నీలం.
నీలిమందు పెట్టిన పంచె
రెండో ఉతుకులో నిలుపుకునే నీలం.

వెనక భాగం శెనక్కాయ ముక్కులా సన్నం.
తోలు చినిగిన రెండు సీట్లు,
పక్కది ఒక జానెడు వెనక్కి,
మెకానిక్కు భుజం
తోలేవాడి మోచేతికి తగలకూడదని.
ఆ వెనక సీట్లోనే కూర్చున్నాను.
ఎందుకో అదే నాకు సరిపోయింది.

అయస్కాంతం ఆనిస్తే అంటలేదు,
జారి అరచేతిలో పడింది.
అల్యూమినియం. మాసికలు లేవు. ఒళ్ళు అసలుది.
బానెట్ ఎత్తితే
నాలుగు బోల్టు చిల్లులు, ఒక బల్లి.

బొంబాయి ఖంబాటా తెల్ల గ్లౌజులు విప్పినాడు.
"ఇంజను జతైతే రెండు కోట్లు.
జత కాకుంటే షోరూములో బొమ్మ."

వాచ్‌మన్ హుసేనప్ప బీడీ ఆర్పి అన్నాడు:
"ఇంజనా? తుంబళం దావలో
ఉరుకుందప్ప చేని బాయి కాడ ఉండాది సార్.
ఆదోని బళ్ళారి జిల్లాలో ఉన్నప్పటి కరువులో
పెద్ద సావుకారే ఊడదీసి ఇచ్చినాడంట,
నీళ్ళు తోడుకోండి అని."

బావిలో నీళ్ళు లేవు. కంపచెట్టు మొలిచింది.
ఒడ్డున బండకు బిగించి
గుడ్డి ఎద్దులా పడుంది ఇంజను,
ఒళ్ళంతా కుంకం.
ఉరుకుందప్ప పెండ్లాం తాయమ్మ
కొంగుతో చెయ్యి తుడుచుకుంటా వచ్చింది.
"మా మామ పుట్టిన ఏడు
ఈ దొర దయ్యం తోడిన నీళ్ళే తాగినారంట.
ఇప్పుడు అరవదు.
ఆయుధపూజకు బొట్టు మాత్రం పెడతాం,
మానితే అలుగుతాదేమో."

పంచె పీలిక తడిపి రుద్దినాను.
పైన మొన్నటి కుంకం, పిండిలా రాలింది.
దాని కింద నూనెతో గట్టిపడినది,
దాని కింద నల్లటిది, అత్తదో, అత్తకు అత్తదో.
ఒకటి. ఐదు. మూడు.
చివరి అంకె దగ్గర భూతద్దం ఆగింది.
ఏళ్ళ తరబడి బొటనవేళ్ళు ఒకేచోట ఒత్తిన ఒత్తుడికి
ఇనుమే అరిగినట్టుంది.
ఆరో, ఎనిమిదో.

తాళం లేని ఆ బీరువాలో దొరికిన రసీదులో ఎనిమిది.
ఎనిమిదైతే కారుతో పాటు ఇంజనూ బ్యాంకుదే,
రేపే జీపు వస్తుంది, స్పానర్లు వస్తాయి.
ఆరైతే ఇది తుక్కు, కిలో ముప్పై.

"ఏమన్నా పలుకుతాదా అప్పా?" అంది తాయమ్మ.
మజ్జిగ అడిగినాను.
ఆమె లోపలికి పోయినంత సేపు
ఇంజను పక్కన గొంతుక్కూర్చుని
ఏదీ చూడలేదు.

ఫోను మూడుసార్లు మోగింది. ఖంబాటా.

ఎమ్మిగనూరు దాటినాక కండక్టరు ముక్కు మూసుకున్నాడు.
"ఎవరప్పా కిరోసిను?"
సంచి ఒళ్ళో పెట్టుకున్నాను.
ఫారంలో ఆ గడి ఖాళీగానే ఉంది,
బొటనవేలు ఎర్రగా ఉంది,
సీసా సగం నిండుగానే ఉంది.
ఇంకొక్క పొర రుద్దింటే తేలిపోయేది.